తాళంచెవి పంచిన వదినగారు

మా ఎదురు తలుపు వదినగారు కిందటి నెల పోయారు. నాకు ఆ కబురు తెచ్చినవాడు ఆవిడకు చుట్టం కాదు, మన భాషవాడూ కాదు. లిఫ్టు పక్క ఇంట్లో ఉండే చైనీస్ కుర్రాడు. ఆఫీసుకు బయలుదేరినవాడు వెనక్కి వచ్చి మా గంట నొక్కాడు. బ్యాగు భుజాన ఉంది, చేతిలో ఒక తాళంచెవి ఉంది.

"ఆంటీ, ఎదురింటి ఆంటీ తలుపు ఇంకా తియ్యలేదేమిటా అని నేనే తీసి చూశాను," అన్నాడు ఇంగ్లీషులో. తరవాత మాట కోసం వెతుక్కున్నాడు. "పడుకుని ఉంది. కానీ అది నిద్ర కాదనుకుంటాను."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. దుప్పటి మెడ దాకా కప్పుకుని, గోడవైపు తిరిగి ఉన్నారు. డాక్టరు వచ్చి నిద్రలోనే గుండె ఆగిందని చెప్పాడు. తన ఇంట్లో, తన మంచం మీద, ఎవరికీ బరువు కాకుండా వెళ్లారు. ఆవిడ కోరుకున్నదీ అదే. పరాయి ఇంటి తాళంచెవి ఆ కుర్రాడి దగ్గర ఎందుకుందన్నది ఆవిడ గురించి చెప్పవలసిన అసలు సంగతి. దాన్ని దాని చోట చెబుతాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. అర మార్కు కూడా ఎవరికీ ఊరికే వెయ్యలేదు. పోయినవాళ్లను రాసేటప్పుడు లేని గుణాలు తెచ్చి కలపడం నాకు నచ్చదు. ఇక్కడ రాసినవన్నీ నేను కళ్లారా చూసినవీ, చెవులారా విన్నవీ.

మావాడికి ఇక్కడ సింగపూరులో కంప్యూటర్ ఉద్యోగం వచ్చిన రోజుల్లో విమానం దిగిన ప్రతి గుంపులోనూ ఇద్దరు ముగ్గురు మన పిల్లలు ఉండేవారు. కోడలిదీ అదే ఉద్యోగం. మనవరాలిని స్కూలుకు పంపి, తీసుకువచ్చే మనిషి కావాలి గనక నన్ను పిలిపించుకున్నారు. ఊరి నడిబొడ్డున, ఇండియన్ కొట్ల వీధికి వెనకవైపు ఒక పాత ప్రభుత్వ బ్లాకులో మావాడు ఇల్లు కొన్నాడు. పొడవాటి నడవా, దాని వెంట వరసగా ఇళ్లు. ప్రతి ఇంటికీ బయట ఇనుప గేటు, లోపల చెక్క తలుపు. లిఫ్టు మా అంతస్తులో ఆగేది కాదు. పై అంతస్తులో దిగి మెట్ల మీద కిందికి రావాలి. అప్పట్లో కట్టిన బ్లాకులు చాలావరకు అంతే.

నేను వచ్చిన వారంలోనే మనవరాలికి ఎక్కాలు అప్పజెప్పమని గట్టిగా చెబుతున్నాను. కిటికీ అవతల ఎవరో నిలబడ్డారు. తెల్లటి జుట్టు, పూల గౌను, చేతిలో వెల్లుల్లి గిన్నె.

"ఏటమ్మా, తెలుగోళ్లా?" అంది ఆవిడ. "పిల్లని అలగ తిట్టీస్తున్నావు, మా నాయనమ్మ గొంతే అనుకున్నాను. భయమేసింది కానీ వినడానికి బాగుంది."

ఏకవచనంతో పిలిచేసరికి నాకు కొంచెం కోపం వచ్చింది. "మీరెవరండీ?" అన్నాను, 'అండీ' మీద కాస్త ఒత్తి.

"పక్కింటిదాన్ని. నీకు అన్నదమ్ములున్నారా?"

"ఉన్నారు. ఇద్దరు."

"అయితే నేను వదినని," అంది. వరస తేలిపోయింది. నేను 'వదినగారూ, మీరు' అనేదాన్ని, ఆవిడ 'వదినా, నువ్వు' అనేది. ఆ తేడా చివరిదాకా అలాగే ఉంది.

వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపునుంచి మలయాలో రబ్బరు తోటకు కూలికి వచ్చారట. ఈవిడ పుట్టింది ఆ తోటలోనే. పెళ్లయి సింగపూరు వచ్చి, ఒక ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త ఓడరేవులో గుమస్తా. నేను వచ్చేనాటికే పోయారు. పిల్లలు లేరు. ఆవిడ తెలుగులో మన దగ్గర వినపడటం మానేసిన మాటలు ఉండేవి. మధ్యలో తమిళం, మలయ్ వచ్చి కలిసేవి. సరే అనడానికి 'బోలే' అనేది, కష్టం అనడానికి 'సుసా' అనేది. ఇంట్లో ఫోను మోగితే మాత్రం ఆ గొంతు పూర్తిగా మారిపోయేది. "యెస్ ప్లీజ్" అనే ఆ పలుకు వింటే అవతలివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఆవిడ ఇంటి చెక్క తలుపు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా తెరిచే ఉండేది. ఇనుప గేటు ఒక్కటే వేసి, దాని వెనక కుర్చీ వేసుకుని కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది, నెత్తళ్లు బాగుచేసేది. నేను శాకాహారిని. ఆ వాసనకు ముక్కు మూసుకుంటే, "ఎండు చేప నీకేటి సేసింది వదినా, అది చచ్చి నెలయింది," అనేది. అన్నదే గానీ నేను వస్తున్న అలికిడి వినగానే గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చేది.

నేను తలుపు మూసే మనిషిని. ఇల్లంటే నాలుగు గోడలు, ఒక గడియ అని పెరిగినదాన్ని. ఆవిడకు అది వింతగా తోచేది. "లోపలేటి వండుతున్నావు, ఎవులికీ తెలీకుండా?" అని కిటికీలోంచి పిలిచేది. ఆవిడకు అవతలివైపు ఒక చైనీస్ ఆంటీ, ఆ తరవాత ఆసుపత్రిలో నర్సుగా చేసే మలయ్ అమ్మాయి, ఆమె పిల్లలు ఉండేవారు. వాళ్లు మెట్లకు వెళ్లాలంటే వదినగారి గుమ్మం దాటాలి. దాటే ప్రతివాళ్లూ ఒక మాట అనాలి. "తిన్నావా?" అన్నదే అన్ని భాషల్లోనూ ఆ మాట. జవాబు ఏమిటన్నది ముఖ్యం కాదు.

ఇలా ఉండగా మా బ్లాకును పడగొడతారని నోటీసు వచ్చింది. అప్పటికే ఊరు నడిబొడ్డంతా మారుతోంది. మా ఎదుటి వీధిలో పాత దుకాణాల మేడలకు పైకప్పులు సరిచేసి, కిటికీలకు లేత నీలం, లేత పసుపు రంగులు వేశారు. కింద దర్జీ కొట్టు ఉన్నచోట కాఫీ హోటలు వెలిసింది. మావాడి వయసు పిల్లలు మెడలో ఆఫీసు కార్డులతో అక్కడ కూర్చునేవారు. మా బ్లాకు చోట ఆఫీసు మేడ కడతారన్నారు. ఇళ్లవాళ్లకు దగ్గరలోనే కొత్తగా కడుతున్న ఎత్తయిన బ్లాకులో ఇళ్లు ఇస్తామన్నారు.

అందరూ పాత బ్లాకును తలుచుకుని కంటతడి పెడుతున్నారు. వదినగారు పెట్టలేదు. "పాతదంతా మంచిదేటి? బొద్దింకలూ పాతవే," అన్నారు. "నా మోకాళ్ల కాడికొచ్చి ఆగే లిఫ్టు గావాల నాకు. ఎదర మేడలకి రంగులేసినారు, ఎంత ముచ్చటగున్నాయి! వానొస్తే కారీది, ఇప్పుడు కారదు. కారే ఇంట్లో నువ్వుండు తెలుస్తాది."

హాల్లో మీటింగు పెట్టి కొత్త బ్లాకు బొమ్మను బల్ల మీద ఉంచారు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు, అగ్గిపుల్లంత చెట్లు. అందరూ మా కిటికీ ఎటు, వంటిల్లు ఎంత అని అడుగుతున్నారు. మావాడు ఏ వైపునుంచి సముద్రం కనిపిస్తుందో చూస్తున్నాడు. వదినగారు కళ్లజోడు పెట్టుకుని ఆ బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అధికారిని అడిగారు.

"మనుషులు నడిచేది ఎక్కడ?"

లిఫ్టు చుట్టూ తలుపులుంటాయని, పొడవాటి నడవా ఉండదని, ఎవరి ఇంటి ముందునుంచీ ఎవరూ నడవనక్కరలేదని అతను సంతోషంగా వివరించాడు. ఎవరి ఏకాంతం వారిది అన్నాడు.

"మంచిదే బాబూ," అన్నారు వదినగారు. "మరి నేను ఎవర్ని పిలవాలి?"

ఆ ప్రశ్న అక్కడున్నవాళ్లకు వేళాకోళంగా వినిపించింది. నాకు కాదు. ఆవిడ అక్కడ ఉండగలరా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. హౌగాంగ్‌లో ఉండే ఆవిడ మేనల్లుడు అంతకుముందు ఆదివారమే వచ్చి వెళ్లాడు. మంచివాడు. మేనత్తను తల్లిలా చూసేవాడు. నేను అక్కడ కూర్చుని ఉండగానే మాట మొదలుపెట్టాడు.

"అత్తా, నువ్వు ఆ కొత్త ఇల్లు తీసుకోకు. మా ఇంట్లో రూము ఉంది కదా. ఎందుకు మొండికేస్తావు లా?" మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ల అలవాటు.

"నాకు ఇల్లిస్తామంటే వద్దంటానేటి?"

"ఇక్కడైతే పదిమంది నీ ముందునుంచి వెళ్తారు. అక్కడ ఎవరి డోర్ వాళ్లు క్లోజ్. బాత్రూంలో పడితే ఎవరికి తెలుస్తుంది చెప్పు? నాకు నిద్ర పట్టదు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆవిడ కూడా తప్పనలేదు. కాసేపు చిక్కుళ్లు ఒలిచి, "ఒక ఏడాది సూడు," అన్నారు. "ఆ ఏడాదిలో నా తలుపు కాడికి మనిషి రాకపోతే నేనే పెట్టె సర్దుకుని నీ ఇంటికి వచ్చీస్తాను. నువ్వు పిలవక్కర్లేదు."

అతను వెళ్లాక నేను అడిగాను, "వాళ్లు బాగా చూసుకుంటారు కదా వదినగారూ, వెళ్లడానికేం?"

"బాగానే చూస్తారు. కోడలు బంగారం. కానీ అక్కడ నేను చుట్టాన్ని. చుట్టం ఇంకోళ్ల తలుపు తియ్యకూడదు," అన్నారు. ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తున్నవాటిలో అదొకటి.

కావాలంటే ఇరుగుపొరుగు కలిసి దరఖాస్తు పెట్టుకుని దగ్గర దగ్గరగా ఇళ్లు ఎంచుకోవచ్చు అన్నారు అధికారులు. వదినగారు మా వరసలో ప్రతి ఇంటికీ వెళ్లి అడిగారు. చైనీస్ ఆంటీ కూతురు బెడోక్‌లో ఉంది. ఆమె అక్కడికి వెళ్లడానికి నిశ్చయించుకుంది. నర్సు అమ్మాయి పిల్లల్ని చూసే మనిషి కోసం వాళ్ల అమ్మ ఉండేవైపు వెళ్లింది. చివరికి వదినగారిదీ మాదీ, రెండిళ్లే మిగిలాయి. వెళ్లేవాళ్లను ఆవిడ ఒక్క మాటతోనైనా వెనక్కి లాగలేదు. "పిల్లల కాడికి ఎళ్లడం మంచిదే. బోలే, బోలే," అన్నారు. ఆ సాయంత్రం మాత్రం ఆవిడ తలుపు పెందలాడే మూసుకుంది.

ఖాళీ చేసే రోజు సామాను లారీలో ఎక్కించాక చూస్తే వదినగారు చీపురుతో నడవా మొత్తం ఊడుస్తున్నారు. తన గుమ్మం ఒక్కటే కాదు, ఈ కొసనుంచి ఆ కొసకు.

"రేపు పడగొట్టేదాన్ని ఊడవడం ఏమిటండీ?" అన్నాను.

"పడగొట్టడానికి వచ్చినోళ్లు ఏటనుకుంటారు? ఇక్కడ మురికోళ్లు ఉండీవోరు అనుకోరూ?"

నేను చేట పట్టుకున్నాను.

కొత్త ఇల్లు అన్ని విధాలా బాగుంది. లిఫ్టు గుమ్మం ముందే ఆగేది. గాలి, వెలుతురు, గచ్చు మీద మరక నిలవని టైల్సు. అంతస్తులో ఎక్కువమంది మావాడిలాంటి కుర్రకారు. అందరికీ కంప్యూటర్ల పనో, బ్యాంకు పనో. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. లిఫ్టులోంచి తలుపులోకి, తలుపులోంచి లిఫ్టులోకి. ఎదురుపడితే నవ్వి, చేతిలో ఫోను చూసుకునేవారు.

వదినగారు యథాప్రకారం చెక్క తలుపు తీసి, గేటు వెనక కుర్చీ వేసుకున్నారు. చిక్కుళ్లు ఒలిచారు. ఎదురుగా మా తలుపు, దానికి గడియ. అప్పుడప్పుడు లిఫ్టు వచ్చి ఎవరూ దిగకుండానే వెళ్లిపోయేది. నెలలు అలా గడిచాయి. నేను రోజూ ఒక పూట వెళ్లి కూర్చునేదాన్ని గానీ, ఒక ముసలామె మరో ముసలామెకు కాపలా అంటే మేనల్లుడు ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. ఆవిడ పెట్టె మంచం కిందనుంచి పైకి తీసి దుమ్ము దులపడం చూశాను. "అవసరానికి ఉంటాదని," అన్నారు.

ఆ తరవాత ఒక ఉదయం కింద తాళాలు చేసే కొట్టునుంచి కాగితం సంచీ పట్టుకుని వచ్చారు. అందులో అన్నీ కొత్త తాళంచెవులు, ఒకే రకానివి. అన్నీ ఆవిడ ఇంటివే.

"ఇన్నెందుకండీ?"

"పంచుతాను. తలుపుకొకటి."

"వదినగారూ, మతి పోయిందా? ఊరూ పేరూ తెలియనివాళ్లకు ఇంటి తాళమా?"

"దోచుకోడానికి ఏటుంది వదినా? నెత్తళ్లు పట్టుకుపోతారా? పట్టుకుపోయినా భయం లేదు, వాసనకి నువ్వే పట్టిస్తావు."

నేను గట్టిగానే వాదించాను. నలభైమంది పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు నాది. ఆవిడ అంతా విని చల్లగా చెప్పారు.

"నీ తాళం నా కాడ పెట్టు అంటే వాళ్లకి అనుమానం. నా తాళం నీ కాడ ఉంచు అంటే మొహమాటం. అనుమానం కన్నా మొహమాటం మేలు."

ఆ సాయంత్రం నన్ను కూడా వెంటబెట్టుకుని గంటలు నొక్కారు. చాలా ఏళ్లు ఎవరినీ చూడకుండా పలకరించే ఉద్యోగం చేసినందువల్లనేమో, ఆవిడకు బెరుకు లేదు. "నేను ఒంటరిదాన్ని. పెద్దదాన్ని. పగలు నా తలుపు తీసుంటుంది. తీసి లేకపోతే మీరు తీసి చూడండి. అంతే," అని ప్రతి ఇంట్లోనూ ఒకే మాట ఇంగ్లీషులో చెప్పి తాళంచెవి చేతిలో పెట్టారు. లిఫ్టు పక్క చైనీస్ కుర్రాడు రెండు చేతులతో తీసుకున్నాడు. ఒక జంట మాత్రం, ఏదైనా పోతే మాట వస్తుంది ఆంటీ, క్షమించండి అని తిప్పి ఇచ్చేశారు. నాకు వాళ్ల మాటే సబబుగా తోచింది. వదినగారు 'బోలే' అని దాన్ని సంచీలో వేసుకున్నారు.

జరిగింది ఏమిటంటే, తాళం దగ్గరున్నవాళ్లకు ఆ తలుపు కనిపించడం మొదలయింది. అంతకుముందు లిఫ్టు కోసం చూస్తూ ఫోనుకేసి చూసేవాళ్లు, ఇప్పుడు ఒకసారి అటు తిరిగి చూసేవారు. చూసినప్పుడు ఆవిడ అక్కడ ఉండేది. ఉంటే "తిన్నావా?" అనేది. అడిగిన పెద్దమనిషికి జవాబు చెప్పకుండా వెళ్లలేరు కదా. జవాబు చెప్పేలోగా లిఫ్టు వెళ్లిపోయేది. మళ్లీ వచ్చేదాకా నిలబడాలి. అలా నిలబడ్డవాళ్లు ఒకళ్లనొకళ్లు పేరు అడిగారు. తాళం తిప్పి ఇచ్చిన ఇంటి అమ్మాయి ఒక సాయంత్రం తన తాళం ఆఫీసులో మరచిపోయి, వానలో తడిసి, సంచులతో తలుపు ముందు నిలబడింది. వదినగారు లోపలికి పిలిచి తువ్వాలు ఇచ్చి, వేడి నీళ్లలో మైలో చాక్లెట్ పొడి కలిపి ఇచ్చారు. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి, "ఆంటీ, ఆ తాళంచెవి ఇంకా ఉందా?" అని అడిగింది. అది అలాగే ఆ సంచీలో ఉంది.

ఏడాది తిరిగింది. మేనల్లుడు చెప్పకుండా వచ్చాడు. చెప్పి వస్తే అత్త నలుగుర్ని పోగేసి కూర్చోబెడుతుందని అనుమానం. సెలవు రోజు, మధ్యాహ్నం. వదినగారు మార్కెట్‌కు వెళ్లారు. గేటుకు తాళం ఉంది గానీ చెక్క తలుపు తీసే ఉంది. అతను ఒక చేత్తో పళ్ల సంచీ, ఒక చేత్తో గేటు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. ఏడాది చూడమన్నారు గనక ఇన్నాళ్లూ ఫోన్లే తప్ప అతను రాలేదు. అతని ముఖం ఈ అంతస్తులో మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మేము అప్పుడు భోజనం చేస్తున్నాం.

మొదట చైనీస్ కుర్రాడి తలుపు తెరుచుకుంది. "ఎక్స్‌క్యూజ్ మీ, హూ ఆర్ యూ లుకింగ్ ఫర్ ఆ?"

"మై ఆంటీ."

"వాట్ ఆంటీ? నేమ్?"

తరవాత వానలో తడిసిన అమ్మాయి తలుపు. ఆమె భర్త గరిటె చేత్తోనే వచ్చాడు. మాటలు విని మా మనవరాలు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తింది. దానికి అతను అంకుల్ అని తెలుసు. తెలిసీ అడ్డం నిలబడింది.

"అంకుల్, లోపలికి కెనాట్ లా. డోర్ అమ్మమ్మ మార్కెట్‌కి వెళ్లింది. మీరు బయటే వెయిట్ చెయ్యాలి."

"నేను చుట్టాన్ని కదమ్మా. నా సంచీ చూడు, అన్నీ పళ్లే."

"మీ దగ్గర కీ ఉందా?"

"లేదు."

"మా అందరి దగ్గర ఉంది," అంది అది.

నేను వెళ్లి అతను ఎవరో చెప్పేదాకా వాళ్లు వదల్లేదు. వదినగారు కూరల బండి లాక్కుంటూ లిఫ్టు దిగేసరికి మేనల్లుడు నడుమ, చుట్టూ గరిటెతో ఒకరు, ఎంగిలి చేత్తో ఒకరు. ఆవిడ ఒక్క క్షణం చూసి, ఏమీ జరగనట్టు "తిన్నావా?" అని అడిగారు.

అతను నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. కూర్చుని మంచినీళ్లు తాగాక, మా అందరి ముందూ అన్నాడు.

"సరే అత్తా. నువ్వు గెలిచావు. మరి నాకెందుకు ఇవ్వలేదు కీ?"

"నువ్వు నన్ను తీసుకెళ్లిపోతానన్నావు కదరా. ఉండమన్నోళ్లకి ఇచ్చినాను," అన్నారు వదినగారు. అని, లేచి లోపలికి వెళ్లి ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టారు. అతను దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి చేత్తో అదిమి పట్టుకోవడం నేను చూశాను. మళ్లీ హౌగాంగ్ మాట రాలేదు. పెట్టె మంచం కిందికి వెళ్లింది.

ఆ తరవాత కంప్యూటర్ ఉద్యోగాలు ఒక్కసారిగా పడిపోయిన రోజులు వచ్చాయి. మా అంతస్తులో చైనీస్ కుర్రాడి ఉద్యోగం పోయింది. పగటిపూట ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని ఆవిడతో చెప్పాడట. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగడుగులు నడిచి వదినగారి భోజనాల బల్ల దగ్గరికి 'ఆఫీసుకు' వచ్చేవాడు. అక్కడ కూర్చునే దరఖాస్తులు రాసేవాడు. ఆవిడ పక్క గదిలోంచి అతనికి ఫోను చేసి, కంపెనీవాళ్లలా ప్రశ్నలు అడిగేది. "హలో అని ఊరుకోకు. పేరు చెప్పు. వినేవాడికి నీ ముఖం కనపడదు, గొంతులోనే నిటారుగా కూర్చో," అని దిద్దేది. అతనికి మళ్లీ ఉద్యోగం దొరికిన రోజు నాకు గుర్తుంది. ఇద్దరూ నెత్తళ్ల వేపుడు తింటూ నన్ను చూసి గిన్నె దాచారు.

నా మటుకు నేను మారలేదు. ఇప్పటికీ తలుపు మూసుకుంటాను. ఆవిడ నన్ను మార్చాలనీ చూడలేదు. "ఒక తలుపు మూసుంటేనే వదినా, మిగతావి తీసున్నట్టు తెలుస్తాది," అనేది. నా చాదస్తానికి కూడా ఒక ప్రయోజనం చూపించిన మనిషి ఆవిడ ఒక్కరే.

నేను చూసిన చదువుకున్నవాళ్లలో చాలామంది, మారిపోయిన ఊరును తిట్టుకుంటూ బతికారు, లేదా పాత ఊరును మరచిపోయి బతికారు. వదినగారు రెండూ చెయ్యలేదు. కొత్త లిఫ్టును మెచ్చుకున్నారు, పాత నడవాను ఊడ్చి అప్పజెప్పారు. తనకు కావలసింది బొమ్మలో లేకపోతే, గొడవపడకుండా తనే దాన్ని తయారుచేసుకున్నారు. నేను పూర్తి మార్కులు వేసే మనిషిని కాను. ఆవిడకు వేస్తాను.

ఇక్కడి బ్లాకుల్లో నేల అంతస్తును స్తంభాల మధ్య ఖాళీగా వదులుతారు. పెళ్లిళ్లూ చావులూ అక్కడే. వదినగారిని కిందికి దించి పడుకోబెట్టారు. మేనల్లుడు కార్యం చేస్తున్నాడు. మా అంతస్తు పిల్లలు సెలవు పెట్టుకుని కుర్చీలు వేశారు, నీళ్లు అందించారు. కబురు విని పాత బ్లాకువాళ్లు వచ్చారు. నర్సు అమ్మాయి డ్యూటీ బట్టలతోనే వచ్చింది. బెడోక్‌నుంచి చైనీస్ ఆంటీ కర్ర పట్టుకుని వచ్చింది. ఆ బ్లాకు ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది.

ముందు వరసలో కొసన నర్సు అమ్మాయి కూర్చుంది. ఆమె పక్కన చైనీస్ ఆంటీ. నేను వెళ్లి ఆంటీ పక్క కుర్చీలో కూర్చోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. చేతిసంచీలోంచి చిన్న టిష్యూ పొట్లం తీసి ఆ కుర్చీ మీద పెట్టింది. ఇక్కడి తిండి అంగళ్లలో ఎవరైనా చోటు పట్టుకుని ఉంచాలంటే చేసే పని అది. "హర్ ప్లేస్ లా," అంది, ఎదురుగా పూలమధ్య ఉన్న మనిషిని చూస్తూ. "యూ, నెక్స్ట్ వన్."

అప్పుడు చూశాను. నర్సు, ఆంటీ, వదినగారు, నేను. పాత నడవాలో మా తలుపుల వరస అదే.

నేను ఆ అవతల కుర్చీలో కూర్చున్నాను. జనం పెరిగారు, కుర్చీలు చాలలేదు. ఆలస్యంగా వచ్చిన ఒకాయన ఖాళీ అనుకుని దగ్గరికి వచ్చి, పొట్లాన్ని చూసి వెనక్కి తగ్గి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పెద్ద ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా ఆ ప్లాస్టిక్ పొట్లం అంచు లేచి, అటు తిరగగానే మళ్లీ వాలుతోంది.